వర్జ్యం వచ్చేలోపు అరవై నాలుగు పేజీలు

రాజకుమారి పద్దెనిమిదేళ్లపాటు రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక బ్యాంకులో కూర్చుని, ఇతరులు సంతకం చేయబోయే ఒప్పందాలు చదివింది. జీతం దానికే ఇచ్చేవారు. ఏ పేజీ అడుగున ఏ మెలిక దాక్కుందో పట్టుకుని, ఎర్ర గీత కొట్టి, పై అధికారి బల్ల మీద పడేసేది. "రాజకుమారి చూసిందా?" అని అడగనిదే ఆ అంతస్తులో ఎవరూ కలం మూత తీసేవారు కారు. అంతటి మనిషి, తన సొంత బతుకుని రాసిచ్చే అరవై నాలుగు పేజీల ఒప్పందం మీద మాత్రం ఒక్క ముక్క చదవకుండా సంతకం పెట్టింది. కారణం, ఇంకో పదకొండు నిమిషాల్లో వర్జ్యం వచ్చేస్తోంది.

ఈ ఘనకార్యంలో సగం వాటా ఆమె భర్త సీతారామారావుది. ఆయన పగలంతా సైన్స్ పార్క్‌లో రోబోలకు నడక నేర్పిస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి, విజయవాడ పంచాంగంలో ఉన్న సమయాలకు రెండున్నర గంటలు కలిపి సింగపూర్‌కి ముహూర్తాలు పెడతాడు. అలా కలిపితే సూర్యుడు ఒప్పుకుంటాడా అని ఎవరైనా అడిగితే నలభై నిమిషాలు వివరిస్తాడు కాబట్టి ఎవరూ అడగరు. ఫ్రిజ్ కొన్నా, పాస్‌పోర్టు రెన్యువల్ చేయించినా, పన్ను పీకించుకున్నా ఆయన పెట్టిన ఘడియలోనే జరగాలి.

రాజకుమారికి నలభై ఎనిమిదేళ్లు వచ్చిన ఏడాది, ఆమె చేసే పని ఇకమీదట సాఫ్ట్‌వేర్ చేస్తుందని బ్యాంకువాళ్లు చాలా మర్యాదగా చెప్పారు. అట్టపెట్టెలో పూలకుండీ, మగ్గు, ఎర్ర పెన్నులు పెట్టుకుని ట్రైన్‌లో ఆంగ్ మో కియోలోని ఇంటికి వచ్చేసింది. రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు పొద్దున లేచి, టిఫిన్ షాపు పెడతానంది. పద్దెనిమిదేళ్లు మధ్యాహ్నం పూట ఫుడ్‌కోర్టులో చల్లారిన నూడుల్స్ ముందు కూర్చుని ఆమె కన్న కల అదొక్కటే. వేడి ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి, మధ్యాహ్నానికి పప్పన్నం. ఈ దేశంలో పగలంతా పనిచేసిన మనిషి కడుపు నిండా తిని లేచే చోటు ఒకటి తన పేరున ఉండాలని.

సొంత బోర్డు పెట్టుకునే ధైర్యం లేక ఫ్రాంచైజీ తీసుకుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో సాంబమూర్తి అనే పెద్దమనిషికి 'అంకమ్మ పొయ్యి' అనే పేరుతో పన్నెండు టిఫిన్ షాపులున్నాయి. అంకమ్మ ఆయన నానమ్మ. ఆవిడ బతికుండగా మనవణ్ణి వంటింట్లోకి అడుగు పెట్టనిచ్చేది కాదని బంధువులు చెప్పుకుంటారు. ఆవిడ పోయాక ఆ ముఖాన్ని నిలువెత్తు ఫొటో చేసి ప్రతి షాపు గోడకీ తగిలించి, ఆ ఫొటో కొలతలు రూల్ పుస్తకంలో అంగుళాలతో సహా రాయించాడు. సీతారామారావుకి ఏదో వరసకి చుట్టమట. ఏ వరసో ఇద్దరికీ తెలియదు.

సంతకాల కోసం సాంబమూర్తి మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని సింగపూర్ వచ్చాడు. మేనల్లుడి పేరు శశికాంత్. కంపెనీ కాగితాలన్నీ అతనే తయారుచేస్తాడు. ఆంగ్ మో కియో ఫ్లాట్‌లో, దేవుడి అలమర ముందు, ఒప్పందం నాలుగు మూలలా పసుపు పెట్టారు. ముహూర్తం పది నలభై రెండు, వర్జ్యం పది యాభై మూడు. శశికాంత్ పేజీలు తిప్పుతుంటే రాజకుమారి ఒక పక్క, సాంబమూర్తి ఒక పక్క, రేషన్ క్యూలో వేలిముద్రలు వేసినట్టు సంతకాలు వేసుకుంటూ పోయారు. మధ్యలో ఆమెలోని బ్యాంకు మనిషి ఒక్కసారి గొంతు విప్పింది, చదవకుండా ఏమిటే ఇది అని. మన సాంబమూర్తి అంకులేగా అని లోపలున్న చుట్టాల మనిషి దాని నోరు మూసేసింది.

"ఇంకా రెండు నిమిషాలే ఉంది, కానీయండి, కానీయండి!" అని సీతారామారావు పెళ్లిలో పురోహితుడిలా తొందరపెట్టాడు.

పది యాభై రెండుకి అరవై నాలుగో పేజీ అయింది. అందరూ మైసూర్‌పాక్ తిన్నారు.

మూడేళ్లు షాపు బాగానే నడిచింది. ఎనిమిది టేబుళ్లు. మామూలు రోజుల్లో ఐటీ కుర్రాళ్లు, ఆదివారం ఒక్కపూట సెలవు దొరికిన మనవాళ్లు. కట్టడాల్లో, షిప్‌యార్డుల్లో వర్క్ పర్మిట్ మీద పనిచేసేవాళ్లు లారీల్లో, బస్సుల్లో ఎక్కడెక్కడినుంచో వచ్చేవారు. వాళ్లలో నిజామాబాద్ జిల్లా జనార్దన్ ఒకడు. తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో పునాదులు తవ్వుతున్నాడు. ప్రతి ఆదివారం పదకొండింటికి వచ్చి, నాలుగో నంబరు టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, వెళ్లి వరసలో నిలబడతాడు.

సింగపూర్‌లో ఉన్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. తినేచోట టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు చోప్ చేసినట్టే, అంటే పట్టేసుకున్నట్టే. గొడుగైనా సరే, మెడలో వేసుకునే ఆఫీసు కార్డైనా సరే. దాన్ని ఎవరూ కదపరు. దేశమంతా కెమెరాలు పెట్టి కాపాడుకునే క్రమశిక్షణ ఒక ఎత్తు, అర డాలరు టిష్యూ ప్యాకెట్ కాపాడే క్రమశిక్షణ ఒక ఎత్తు. కోటీశ్వరుడు వచ్చినా దాన్ని చూసి పక్కకి వెళ్లిపోతాడు.

శశికాంత్ మాత్రం పక్కకి వెళ్లలేదు. మొన్నటి ఫిబ్రవరిలో, చెప్పాపెట్టకుండా తనిఖీకి ఎడిసన్ నుంచి దిగాడు. ఆదివారం పదకొండున్నర. మనుషులంతా వరసలో ఉన్నారు, టేబుళ్ల మీద మనుషుల్లేరు, టిష్యూ ప్యాకెట్లు మాత్రం ఉన్నాయి. అతను ముందు ప్రతి టేబుల్‌కీ ఫొటో తీశాడు. తర్వాత జేబులోంచి చేతి తొడుగులు తీసి వేసుకున్నాడు. నల్ల చెత్త సంచి ఒకటి అందుకుని, ఎనిమిది టేబుళ్ల మీద ఉన్నవన్నీ ఊడ్చి అందులో వేశాడు. పదిహేడు ప్యాకెట్లు, రెండు గొడుగులు, ఒక ఆఫీసు కార్డు.

జనార్దన్ ప్లేటుతో వచ్చి నాలుగో నంబరు దగ్గర ఆగిపోయాడు. అక్కడ వేరే కుటుంబం కూర్చుని దోసెలు తింటోంది.

"అక్కా! నా టిష్యూ ఏడవాయె?"

"నేను చూళ్లేదు జనార్దన్..."

"గా చెత్త సంచిల ఉన్నయ్ జూడు. గీయన ఎవలక్కా? మంచిగ బూట్లేసుకున్నడు, గిదేం పని?"

ఐదు నిమిషాల్లో షాపు సంతలా అయింది. ఇరవై మంది చేతుల్లో పళ్లేలు, సాంబారు ఒలికిపోతోంది, చోటు ఎవరిదో ఎవరికీ తెలియదు. శశికాంత్ ఆ సంతకి కూడా ఫొటో తీశాడు. రాజకుమారి చోప్ సంగతి రెండుసార్లు చెప్పింది, మూడోసారి అరిచి చెప్పింది. "ఆంటీ, ట్రాష్ ఈజ్ ట్రాష్" అన్నాడతను. తన వయసు మగాడు తనని ఆంటీ అన్నందుకే సగం ఒళ్లు మండింది ఆమెకి.

పది రోజుల తర్వాత నోటీసు వచ్చింది. పరిశుభ్రత నిబంధన ఉల్లంఘన. భోజనశాలలో పదిహేడు చోట్ల వదిలేసిన చెత్త. యజమాని అక్కడే ఉండి కూడా తొలగించలేదు, పైగా తనిఖీ అధికారి మీద అరిచింది. పద్నాలుగు రోజుల్లో అంకమ్మ బోర్డు దింపాలి. యాభై ఎనిమిదో పేజీ ప్రకారం, ఆ తర్వాత రెండేళ్లపాటు షాపుకి ఇరవై ఐదు మైళ్ల లోపల ఎక్కడా టిఫిన్ వ్యాపారం చేయరాదు.

సీతారామారావు ఫోన్లో మ్యాప్ తెరిచి ఆంగ్ మో కియో మీద వేలు పెట్టి గుండ్రంగా గీత గీశాడు. సింగపూర్ మొత్తం గీత లోపలికి వచ్చేసింది. గీత సముద్రం దాటింది, జొహోర్ బహ్రు కూడా లోపలే ఉంది.

"మలేషియాలో ఇడ్లీ వేసినా తప్పేనే రాజీ," అన్నాడు.

ఆమె ఫోన్ చేస్తే సాంబమూర్తి చాలా తియ్యగా మాట్లాడాడు. "చూడమ్మాయ్, నాకేం పగా నీ మీద? బ్రాండ్ అన్నాక కొన్ని పద్ధతులుంటాయి కదా. మా శశి రిపోర్ట్ ఇచ్చాక నేనేం చేస్తాను చెప్పు?" అన్నాడు. అసలు సంగతి నాలుగు రోజులకి తెలిసింది. సింగపూర్‌లో ఒకేసారి ఆరు షాపులు పెడతామని ఎవరో పెద్దవాళ్లు ఆయన దగ్గరికి వచ్చారట, కాకపోతే ఊరంతా తమకే రాసివ్వాలన్నారట. ఆంగ్ మో కియోలో ఉన్న ఎనిమిది టేబుళ్లు ఆ రాయడానికి అడ్డం. పదిహేడు టిష్యూ ప్యాకెట్లు పాపం ఆయనకి దేవుడిచ్చిన వరం.

రాజకుమారికి భయం వేసింది. బ్యాంకు పోయినప్పుడు వచ్చింది దుఃఖమే, భయం కాదు. ఈ షాపు పోతే తను ఎవరో తనకే తెలియకుండా పోతుందనిపించింది. ఆదివారం జనార్దన్ "ఇగ మేం ఏడ తినాలె అక్కా" అని మామూలుగానే అడిగాడు, ఆమె గ్రైండర్ వెనక్కి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఎవరో చెబితే భానుమతి దగ్గరికి వెళ్లింది. భానుమతి తాతగారు ఎప్పుడో కాకినాడ రేవులో ఓడెక్కి ఇక్కడికి వచ్చినాయన. ఆవిడకి అరవై ఏడేళ్లు, లాయరు, సెరంగూన్ రోడ్డు పక్క సందులో మూలికల కొట్టు పైన ఆఫీసు. ఆవిడ తెలుగులో తమిళం, మలయ్ కలిసిపోయి ఏది ఏదో విడదీయడం ఆవిడ వల్ల కూడా కాదు.

"ఉక్కారు, ఉక్కారు," అని కుర్చీ చూపించింది. "మకాన్ అయిందా? లేదా? అయితే ముందు ఈ పరోటా తిను. తిన్నాక ఏడు. ఖాళీ కడుపుతో ఏడిస్తే నాకు ఒక్క ముక్క అర్థం కాదు."

రాజకుమారి తిన్నది. నోటీసు, ఒప్పందం బల్ల మీద పెట్టింది.

"చదివే సైన్ చేశావా?"

రాజకుమారి తల దించుకుంది.

"ఐయో! బ్యాంకులో ఏం పని చేశావన్నావు?"

"ఒప్పందాలు చదివే పనండీ."

భానుమతి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. మంచి లాయరు కాబట్టి నవ్వలేదు, కానీ భుజాలు కదిలాయి.

"సరే, విను. ఈ దేశంలో ఫ్రాంచైజీ తీసుకున్నవాళ్లకంటూ వేరే చట్టం లేదు. కాగితంలో ఏముంటే అదే. ఇరవై ఐదు మైళ్లు అనేది మరీ ఎక్కువ, జడ్జి ముందు నిలబడకపోవచ్చు. కానీ జడ్జి దాకా వెళ్లేలోపు నీ షాపు ఉండదు, నువ్వూ ఉండవు. నీ ఒప్పందానికి న్యూజెర్సీ రాష్ట్ర చట్టం అని రాశాడు ఆ ముసలాయన. అక్కడ మాత్రం మంచి చట్టం ఉంది. సరైన కారణం చూపించకుండా ఫ్రాంచైజీ తీసేయకూడదు. అరవై రోజుల ముందు రాతపూర్వకంగా, కారణాలన్నీ చెప్పి నోటీసివ్వాలి."

"నాకు పద్నాలుగు రోజులే ఇచ్చారండీ!" రాజకుమారి కుర్చీలోంచి సగం లేచింది.

"ఉక్కారు. ఆ చట్టం ఆ రాష్ట్రంలో ఉన్న షాపులకే. నీ షాపు ఎక్కడుంది? ఆంగ్ మో కియోలో. తక్ బోలే. కుదరదు లా."

రాజకుమారి కూర్చుంది. అప్పుడు, మూడేళ్ల ఆలస్యంగా, ఆమెలోని బ్యాంకు మనిషి నిద్రలేచింది. బల్ల మీద ఉన్న ఒప్పందం తన వైపు లాక్కుని, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఎర్ర పెన్ను తీసింది. మొదటి పేజీ మూలన పసుపు ఇంకా ఉంది. అక్కడినుంచి మొదలుపెట్టింది. భానుమతి తన ఫైళ్లు చూసుకుంది, టీ తెప్పించింది, ఇద్దరు క్లయింట్లతో మాట్లాడి పంపేసింది. నలభై ఒకటో పేజీ దగ్గర ఎర్ర పెన్ను ఆగింది.

"ఆంటీ, ఇది ఒకసారి చూడండి."

ఇందులో చెప్పిన షాపు ఏ చిరునామాలో ఉన్నా, న్యూజెర్సీ రాష్ట్రంలోనే ఉన్నట్టు ఉభయులూ అంగీకరిస్తున్నారని, ఆ రాష్ట్రం తన ఫ్రాంచైజీదారులకు ఇచ్చే రక్షణలన్నీ ఈ ఒప్పందంలో భాగంగా ఈ షాపుకీ వర్తిస్తాయని అక్కడ రాసి ఉంది. ఎడిసన్‌లో పన్నెండు షాపుల కోసం అక్కడి లాయరు రాసిన కాగితం అది. శశికాంత్ అందులో పేరు, చిరునామా మార్చి, మిగతాది యథాతథంగా దించేశాడు. వర్జ్యం తరుముకొస్తుంటే సాంబమూర్తి కూడా చదవలేదు. నలభై ఒకటో పేజీ అడుగున ఆయన సంతకం పసుపు మరకతో సహా నిగనిగలాడుతోంది.

భానుమతి రెండుసార్లు చదివింది. ఈసారి ఆపుకోలేదు. నవ్వి, దగ్గి, మంచినీళ్లు తాగి, మళ్లీ నవ్వింది.

"అలామక్! చట్టం ఇక్కడికి రాలేదమ్మా, ఆ ముసలాయనే మోసుకొచ్చి నీ ఇంట్లో పెట్టాడు. చట్టం వర్తించకపోయినా మాట వర్తిస్తుంది. ఒప్పందంలో రాసుకున్న మాట! బోలే, బోలే, కుదురుతుంది. లెటర్ నేను రాస్తాను."

ఆ ఉత్తరం ఒక్క పేజీ. నలభై ఒకటో పేజీ ప్రకారం అరవై రోజుల గడువేది, సరైన కారణమేది అని అడిగింది. ఈ ఊళ్లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ చెత్త కాదని, కావాలంటే ఏ హాకర్ సెంటర్‌లో భోజనాల బల్లల మధ్య నిలబడి అయినా సాక్ష్యం చెప్పడానికి యాభై లక్షలమంది దొరుకుతారని చివర రాసింది. వారంలో నోటీసు వెనక్కి వెళ్లింది. దాని వెనకే సాంబమూర్తి ఫోన్. "పొరపాటు జరిగిందమ్మాయ్. మనలో మనకి ఇవన్నీ ఎందుకు చెప్పు? చిన్న చిన్న సవరణలతో కొత్త ఒప్పందం పట్టుకుని నేనే వస్తున్నా. మావాణ్ణి మంచి ముహూర్తం చూడమను."

సీతారామారావు ఆనందంగా చూశాడు. ఆదివారం, తొమ్మిది పదికి ముహూర్తం, తొమ్మిది నలభైకి వర్జ్యం.

ఆ ఆదివారం సాంబమూర్తి పట్టు లాల్చీ వేసుకుని, శశికాంత్‌తో సహా షాపుకి వచ్చి నాలుగో నంబరు టేబుల్ దగ్గర కూర్చున్నాడు. కాగితాలకి పసుపు పెట్టారు. మైసూర్‌పాక్ కూడా తెచ్చారు. శశికాంత్ అలవాటుగా పేజీలు తిప్పడానికి చెయ్యి చాపాడు. రాజకుమారి ఆ చెయ్యి పక్కకి పెట్టి, ఎర్ర పెన్ను తీసి, మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది.

తొమ్మిది ఇరవై ఐదుకి ఐదో పేజీ. సీతారామారావుకి చెమటలు పట్టాయి. "ఏమే, అంకుల్ అంత దూరంనుంచి వచ్చారు..."

"చదువుతున్నానండీ."

"ఇంకా పది నిమిషాలే ఉంది రాజీ!"

ఆమె తల ఎత్తలేదు. తొమ్మిది నలభై అయింది.

"వర్జ్యం వచ్చేసిందే!" అన్నాడాయన.

"రానివ్వండి. దానికో కాఫీ ఇవ్వండి."

పాతికేళ్ల కాపురంలో వర్జ్యాన్ని ఇలా ఎవరూ కూర్చోబెట్టి మర్యాద చేయలేదు. వర్జ్యం వచ్చింది, ఉండాల్సినంతసేపు ఉండి పోయింది. షాపు కప్పు విరిగి పడలేదు. పదకొండింటికి ఆదివారం జనం వరస కట్టారు. సాంబమూర్తి రెండు కాఫీలు తాగి, చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్లాడు. పదకొండున్నరకి రాజకుమారి అరవై నాలుగో పేజీ తిప్పి, కాగితాలు సర్ది, పెన్నుకి మూత పెట్టింది.

"అంకుల్, నలభై ఒకటో పేజీలో న్యూజెర్సీ మాట తీసేశారు," అంది, ఆయన తిరిగి వస్తుంటే. "యాభై ఎనిమిదిలో ఇరవై ఐదు మైళ్లని యాభై చేశారు."

"అది... మా శశి టైపింగ్..."

"నాకు పాతదే బాగుందంకుల్. దానికి ఇంకా ఏడేళ్లు గడువుంది. మా షాపుని న్యూజెర్సీలోనే ఉండనివ్వండి." ఆమె కాగితాలు శశికాంత్ ముందుకి తోసింది. "మీరు చుట్టమని చదవకుండా సంతకం పెట్టాను. పద్నాలుగు రోజుల్లో పొమ్మన్నారు. నాకు చాలా కష్టమేసింది. ఇంకెప్పుడూ అలా చేయకండి."

సాంబమూర్తి, కూర్చుంటే ఏదైనా తోస్తుందేమోనని నాలుగో నంబరు దగ్గరికి వచ్చాడు. తను లేచిన చోట, టేబుల్ మీద, ఎప్పుడు వచ్చిందో ఒక టిష్యూ ప్యాకెట్ ఉంది. విసుగ్గా తీసి పడేయబోయాడు. వరసలో ఉన్న ముప్ఫై మంది ఒక్కసారి అటు తిరిగారు. అందరికంటే ముందు జనార్దన్ ఉన్నాడు, చేతిలో టోకెను.

"ముట్టుకోకండి అంకుల్," అంది రాజకుమారి. "ఆ చోటు అతనిది."

సాంబమూర్తి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎనిమిది టేబుళ్లూ చూశాడు. ఎక్కడా ఖాళీ లేదు, ఎక్కడ చూసినా ప్యాకెట్లే. రాజకుమారి రెండు ఇడ్లీలు, కారప్పొడి, నెయ్యి వేసి పళ్లెం ఆయన చేతికి మర్యాదగా అందించింది. ఆయన అంకమ్మ ఫొటో కింద గోడకి ఆనుకుని, నిలబడే తిన్నాడు.